రన్‌వే మీద దుక్కి

జీడివలస అంతర్జాతీయ విమానాశ్రయం గడువుకి నలభై రోజుల ముందే కంప్యూటర్‌లో పూర్తయిపోయింది కాబట్టి, దానికి భూములిచ్చిన రెండు వందల పన్నెండు కుటుంబాలకీ, ఇంటికో ఉద్యోగం అన్న హామీ ప్రకారం, ఇంటికో జాయ్‌స్టిక్ పంచిపెట్టారు.

నేల మీద పని మొదలుపెట్టలేదు. మొదలుపెట్టాల్సిన అవసరం లేదని తేలింది. ఎనిమిది వందల ఎకరాల చుట్టూ కంచె వేశాక, కాంట్రాక్టరు మనుషులు తయారుచేసిన నమూనాని తెర మీద వేసి అధికారులకు చూపించారు. రన్‌వే ఉంది, టవర్ ఉంది, దీపాలున్నాయి, ఆఖరికి మరుగుదొడ్లకి దారి చూపే బాణం గుర్తులు కూడా ఉన్నాయి. ఇంత చక్కగా ఉన్నదాన్ని మళ్లీ ఇంకోసారి కట్టడం దుబారా అని ఆడిట్ వారు అభ్యంతరం చెప్పారు. అభ్యంతరం సబబుగానే ఉంది. ఎవరూ కాదనలేకపోయారు.

ఆ తర్వాతి సోమవారం నుంచే విమానాలు తిరగసాగాయి. ప్రయాణికులు పెట్టెలతో మండల కేంద్రంలోని కల్యాణమండపానికి వస్తారు. తనిఖీ చేయించుకుని, వరసగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, నడుముకి బెల్టు పెట్టుకుంటారు. విమానం ఎటు వంగితే అటు కుర్చీలు వంచడానికి అటెండర్లున్నారు. గంటా అయిదు నిమిషాల తర్వాత హైదరాబాద్‌లో దిగినట్టు ముద్ర వేస్తారు. బయటికొచ్చి, చేరిపోయామని ఇంటికి ఫోన్ చేసి, రైలు అందుకోవడానికి పరిగెడతారు. ఫిర్యాదులు తక్కువ. వచ్చినవి కూడా కిటికీ పక్క కుర్చీ దొరకలేదన్నవే.

ముద్దాడ గవరయ్య వాటా జాయ్‌స్టిక్ ఒక శుక్రవారం పొద్దున వచ్చింది. దాంతోపాటు ఒక కంప్యూటర్, చెవులకి పెట్టుకునే ఫోను, మెడలో వేసుకునే కార్డు వచ్చాయి. కార్డు మీద అతని ఫోటో కింద ‘పైలట్ – పునరావాస కోటా’ అని ఉంది. గవరయ్యకి యాభై ఎనిమిదేళ్లు. ఎద్దుల వెనకా నాగలి వెనకా తప్ప ఇంకే బండి వెనకా నడిచి ఎరగడు.

అతనికి విమానం మీద మోజు లేదు. కావలసింది ఒకటే. ఒక్కసారి తన గరువులో కాలు పెట్టాలి. ఎకరం అరవై సెంట్ల ఎర్రనేల అది. గట్ల వెంట పందొమ్మిది జీడిచెట్లు, నడుమ రాగులు పండే చోడిచేను. కంచె వేసి పదహారు నెలలైంది. బయటనుంచి చూద్దామంటే రేగుపొదలు గోడలా లేచాయి. లోపలికి పోనిమ్మని మూడు అర్జీలు పెట్టాడు. మూడింటికీ ఒకటే జవాబు వచ్చింది: విమానాశ్రయం వాడకంలో ఉంది, నడుస్తున్న రన్‌వే మీదికి మనుషుల్ని వదలడం ప్రాణాపాయం, అక్కడ దిగడానికి అర్హత విమానానికి మాత్రమే కలదు.

అందుకని గవరయ్య విమానం నేర్చుకుందామనుకున్నాడు. దారి అదొక్కటే మిగిలింది మరి.

వాడకం చెప్పే పుస్తకాన్ని భార్య నరసాయమ్మ చదివింది. ఆమె ఏడో తరగతి వరకూ చదువుకుంది, జాకెట్లు కుడుతుంది. కుట్టుమిషన్ బల్ల మీంచి మిషన్ దించి అక్కడ కంప్యూటర్ పెట్టారు.

“మావా, కర్రని ముందు నాలుగు మూలలకీ తిప్పి నడాన వొదిలీమంటంది.”

“తిప్పినాను. ఏటైంది?”

“నువ్వు తిప్పినట్టు దానికి తెలిసిందట.”

“అది సాల్దేటే? ఎద్దులకీ అంతే గదా, ముందు మన సెయ్యి తెలియాల.”

చెయ్యి తెలిసింది. అక్కడే చిక్కొచ్చింది. మేడి పట్టిన చెయ్యి ఊరికే ఉండదు. నాగలి నేలలో దిగాలంటే మేడిని ఒత్తి పట్టాలి. నలభై ఏళ్లుగా గవరయ్య చేతికి తెలిసిన విద్య అది. జాయ్‌స్టిక్ పట్టుకోగానే ఆ చెయ్యి తనంతట తాను ముందుకి ఒత్తేది. ఒత్తగానే విమానం ముక్కు నేలకి దిగేది. మొదటి రోజు మూడు విమానాలు కూలాయి. చనిపోయిన నాలుగు వందల ఎనభై మందీ శిక్షణ ప్రయాణికులు కావడంతో సంతాప తీర్మానం అవసరం పడలేదు గానీ, ఒక్కో ప్రమాదానికి రెండేసి పేజీల వాంగ్మూలం ఇవ్వాల్సొచ్చింది. మూడింటిలోనూ కారణం దగ్గర నరసాయమ్మ ‘అలవాటు’ అని రాసింది.

“నీకు దిగడమే గాని ఎగరడం రాదు,” అంది కలం మూస్తూ.

“నాకు కావల్సింది దిగడమే గదే.”

“దిగాలంటే ముందు ఎగరాల మావా. ఊరికే ఇంట్లో కూకున్నోడు ఎక్కడ దిగుతాడు?”

ఆదివారం నాటికి ఆమె పుస్తకంలో ముప్పై నాలుగో పేజీకి వచ్చింది. చేతి బరువులో ఎంత భాగాన్ని లెక్కలోకి తీసుకోకూడదో అక్కడ తెలపవలెనని ఉంది. ఐదు శాతంతో మొదలుపెట్టి, ఒక్కో విమానం కూల్చుకుంటూ ముప్పై దగ్గరికి వచ్చింది. ముప్పై దగ్గర విమానం సమంగా నిలబడింది. నలభై ఏళ్ల దుక్కి ముప్పై శాతంగా తేలింది. ఇకమీదట గవరయ్య ఎంత ఒత్తినా అంతవరకూ ఒత్తనట్టే. అతను తన అరచెయ్యి ఒకసారి చూసుకుని, “బాగుంది. ఎదురుగాలి లేనట్టుంది,” అన్నాడు.

తర్వాత బటన్లు. మొత్తం పన్నెండు. ఏ బటన్ ఏ పని చేయాలో పైలటే నిర్ణయించుకోవచ్చు, కాకపోతే ‘బటన్ల కేటాయింపు పత్రం’ మూడు ప్రతుల్లో దాఖలు చేయాలి. అంకెలు గుర్తుండవని నరసాయమ్మ ఒక్కో బటన్ మీద ఒక్కో రంగు జాకెట్ గుడ్డ ముక్క అంటించింది. ఎరుపు నొక్కితే చక్రాలు. ఆకుపచ్చకి రెక్కల పలకలు. పసుపుకి బ్రేకు. గులాబీ పువ్వుల గుడ్డ నొక్కితే టవర్‌తో మాట. పన్నెండో బటన్ ప్రభుత్వ భవిష్యత్ అవసరాలకు రిజర్వు చేయబడింది. దాని మీద తెల్లగుడ్డ అంటించి, పొరపాటున నొక్కకుండా పక్కనే గుండుసూది గుచ్చింది.

అన్నీ కుదిరాయి. కుదరనివి రెండున్నాయి. కిందికి చూసే బటన్ లేదు. తలుపు తీసే బటన్ లేదు.

గవరయ్య పత్రాలు పట్టుకుని పునరావాస విభాగానికి వెళ్లాడు. సీనియర్ అసిస్టెంట్ ప్రసన్నలక్ష్మి చెడ్డ మనిషి కాదు. కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

“కిందికి చూసే బటన్ ఉండదండీ గవరయ్య గారూ. పైలట్ ముందుకు చూడాలి. కిందికి చూసేది ప్రయాణికులు.”

“నా గరువు సూసుకోవాలమ్మా.”

“ఏ గరువండీ?” ఆమె ఎగతాళికి అడగలేదు. ఫైలు తెరిచి సర్వే నంబరు వెతికింది. “ఎనభై ఎనిమిదిలో మూడు... ఆఁ, ఇదిగో. ఇది రన్‌వేలో పద్నాలుగు వందల మీటర్ల దగ్గర వస్తుందండీ. విమానం దిగాక బ్రేకు వేసే చోటు.”

“అయితే అక్కడే బ్రేకేసి ఆపుకుంటాను. తలుపు తీసుకుని దిగి, ఓ గడియ నిలబడి ఎక్కీస్తాను.”

“ఆపొచ్చండీ. దిగడానికి నిచ్చెన కావాలి. నిచ్చెన శాంక్షన్ కాలేదు. నిచ్చెన లేకుండా తలుపుకి బటన్ ఎలా ఇస్తాం? మీరు పడిపోరూ?”

ఆమె కళ్లలో నిజమైన ఆదుర్దా కనబడింది. గవరయ్య పత్రాలు మడుచుకుని లేచాడు. ఎత్తు మీద నుంచి పడితే ఈ వయసులో ఎముకలు అతకవు మరి.

అతని మొదటి సర్వీసు గురువారం పదిన్నరకి. టవర్‌లో కూర్మారావు ఉంటాడు. పాత విలేజ్ రెవెన్యూ అధికారి. భూములు పోయాక ఊరికి రెవెన్యూ అధికారి అవసరం తీరిపోవడంతో ఆయన్ని టవర్‌కి బదిలీ చేశారు. టవర్ అంటే పాత పంచాయతీ ఆఫీసు మేడ. ఆయన గొంతు చెవిలో వినబడింది.

“గవరయ్యా, ఎగురు. గాలి అనుకూలంగా ఉందట.”

“సిత్తం బాబూ.”

విమానం లేచింది. నూట అరవై మంది ప్రాణాలు తన చేతిలో ఉన్నాయన్న సంగతి గవరయ్యకి గుర్తుంది. కానీ కిందికి చూసే బటన్ లేదు గనక, కింద చూడాలంటే రెక్క వంచాలి. వంచాడు. తెర అంతా ఒక పక్కకి ఒరిగింది. నల్లటి రన్‌వే, దాని మీద తెల్ల గీతలు. ఆ నలుపు అంచుకి పడమటి పక్క, గోరంత మేర, ఎర్రనేల!

కాంట్రాక్టరు మనుషులు నేల నమూనాకి ఆకాశం నుంచి తీసిన పాత ఫోటో వాడారు. కంచె వేయకముందు ఫోటో అది. రన్‌వే వెడల్పుకి చాలినంత మేర చెరిపి, మిగతాది అలాగే వదిలేశారు. నాలుగు జీడిచెట్లు పచ్చగా ఉన్నాయి. చెట్ల నీడలు తూర్పుకి పడ్డాయి, అంటే మధ్యాహ్నం దాటింది. గట్టు మీద ఒక నీలం చుక్క.

“నరసా! ఇటు రా, ఎగిరి రా!”

ఆమె పొయ్యి మీద గిన్నె వదిలి వచ్చింది. తెర మీదికి వంగి చూసింది.

“నా నీలం సీర మావా,” అంది మెల్లగా. “తడిసిపోతే గట్టు మీద ఆరేసినాను. నువ్వు సెట్టు కింద తొంగున్నావు ఆ పూట. జొరమని.”

“నేనగుపడ్డం లేదేటి?”

“నీడలో ఉన్నావు. ఎలాగగుపడతావు?”

విమానం దాటిపోయింది. గవరయ్య వెనక్కి తిప్పాడు. ఎటునుంచి తిప్పాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. చాలు చివర నాగలి ఎత్తి, ఎడమకి తిరిగి, పాత చాలు పక్కనే కొత్త చాలు వేయడం అతని ఒంట్లో ఉంది. తూర్పు నుంచి పడమరకి ఒకటి. పడమర నుంచి తూర్పుకి ఇంకొకటి. ప్రతి చాలులోనూ ఆ నీలం చుక్క మూడు నాలుగు క్షణాలు కనబడేది. ఒక్కో తిరుగుడుకీ కల్యాణమండపంలో అటెండర్లు నూట అరవై కుర్చీల్నీ ఎడమకి వంచి, నిలబెట్టి, మళ్లీ వంచారు.

“గవరయ్యా!” కూర్మారావు గొంతు. “ఏటయ్యా ఆ తిరుగుళ్లు? మండపం నుంచి ఫోను మీద ఫోను. ఇద్దరు కక్కుకున్నారట. అటెండర్లు సమ్మెకి దిగుతామంతన్నారు.”

“వొచ్చేత్తన్నాను బాబూ. ఇంక రెండు సాళ్లే.”

ఆ మాట కూర్మారావు చెవిన పడింది. విమానం నడిచిన దారిని రోజూ రిజిస్టర్‌లో ఎక్కించడం ఆయన విధి. ఆయన దగ్గరున్న రిజిస్టర్ ఒక్కటే, ముప్పై ఏళ్లుగా ఊరి సాగు లెక్కలు రాస్తున్న అడంగల్. అందులో విమానానికి గడి లేదు. తెర మీద పక్కపక్కనే ఇరవై రెండు గీతలు కనబడుతున్నాయి, నడిపిన మనిషి చాళ్లు అన్నాడు. ఆయన కలం తనకి తెలిసిన గడిలోనే ఆగింది. సర్వే నంబర్ ఎనభై ఎనిమిదిలో మూడు. సాగుదారు: ముద్దాడ గవరయ్య. స్థితి: దుక్కి పూర్తయినది. సాగు విధానం: విమానం.

పదకొండో రోజున నోటీసు వచ్చింది. నడుస్తున్న రన్‌వేని దున్నినందుకు జాయ్‌స్టిక్‌ని ఎందుకు స్వాధీనం చేసుకోకూడదో తెలపాలని అందులో ఉంది. అయితే దాని వెనక పేజీలో, చిన్న అక్షరాల్లో, ఇంకో వాక్యం ఉంది. సేకరించిన భూమి సేకరించిన పనికి కాక మరో పనికి వాడినట్టు రుజువైతే, దాన్ని పాత యజమానికి తిరిగి ఇచ్చే అంశం పరిశీలించబడును.

నరసాయమ్మ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి గవరయ్య చదవమన్నాడు. తర్వాత ఆమె అటక మీంచి చోడి విత్తనాల కుండ దించి, పురుగు పట్టిందేమోనని చేటలో పోసి చూసింది. పట్టలేదు.

విచారణ రోజున గవరయ్య ఉతికిన పంచె కట్టుకున్నాడు. మెడలో పైలట్ కార్డు వేసుకోవాలా వద్దా అని తటపటాయించి, జేబులో పెట్టుకున్నాడు. దున్నానని ఒప్పుకుంటే కర్ర పోవచ్చు. దున్నలేదంటే గరువు పోతుంది. కర్ర పోతే ఆ నీలం చుక్క కూడా ఉండదు.

“దున్నారా అండీ?” అడిగింది ప్రసన్నలక్ష్మి.

“దున్నినానమ్మా.”

“ఎన్ని చాళ్లు?”

“ఇరవై రెండు. ఇంకా అడ్డదుక్కి మిగిలిపోనాది.”

ఆమె రాసుకుంది. మాట మీద తీర్పు చెప్పడం కుదరదు కాబట్టి సంయుక్త తనిఖీ జరిగింది. ముగ్గురు అధికారులు కల్యాణమండపంలో కిటికీ పక్క కుర్చీల్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, ఆ పొలం మీద నుంచి ఎగిరి చూశారు. దుక్కి లోతుగా, తీరుగా ఉందని రెవెన్యూ అధికారి రాశారు. రన్‌వే చెక్కుచెదరకుండా ఉందని విమానయాన అధికారి రాశారు. ఇద్దరూ నిజమే రాశారని మూడో అధికారి రాశారు.

ఉత్తర్వు నెల తిరక్కుండానే వెలువడింది. భూమి రన్‌వేగా వాడబడుతున్నందున తిరిగి ఇచ్చే ప్రశ్న తలెత్తదు. అదే భూమి సాగులో కూడా ఉన్నందున సాగుదారుని హక్కు కాదనడానికి వీల్లేదు. కాబట్టి ముద్దాడ గవరయ్యను ‘ఆకాశ సాగుదారు’గా గుర్తించడమైనది. రోజూ పదీ నలభై నుంచి పదకొండూ ఐదు వరకూ, ప్రయాణికులు లేని విమానంతో, సదరు పొలాన్ని పైనుంచి దున్నుకోవచ్చు, విత్తుకోవచ్చు, కోసుకోవచ్చు. నేల మీద కాలు మోపరాదు.

ప్రసన్నలక్ష్మి ఆ కాగితం చేతికిస్తూ సంతోషపడింది. “రాష్ట్రంలో మొదటివారు మీరే. మిఠాయి ఏదండీ?”

“తెత్తానమ్మా,” అన్నాడు గవరయ్య. తెచ్చి ఇచ్చాడు కూడా.

నరసాయమ్మ విత్తనాల కుండ మళ్లీ అటక ఎక్కించలేదు. కంప్యూటర్ పక్కన పెట్టింది. నెల రోజుల్లో మిగతా రెండు వందల పదకొండు కుటుంబాలూ అర్జీలు పెట్టుకున్నాయి. తలా ఒక పాతిక నిమిషాలు, వంతులవారీగా దొరికాయి. పొద్దు పొడిచాక ఊళ్లో ఏ వీధిన పోయినా “హై... హై...” అని అదిలింపులు కిటికీల్లోంచి వినబడేవి. ఆడవాళ్లు పదింటికి అంబలి గిన్నెలు తెచ్చి తెరల పక్కన పెట్టేవారు. వానలు లేవని వాతావరణ విభాగానికి సామూహిక విజ్ఞప్తి పంపితే, జాప్యం లేకుండా పన్నెండు మిల్లీమీటర్లు మంజూరు చేశారు. ఆ వాన తెర మీద శుభ్రంగా కురిసింది. బయట నేల నెర్రెలిచ్చి ఉంది. కానీ దాని గురించి ఎవరూ విజ్ఞప్తి పెట్టలేదు. అది ఏ విభాగం కిందికి వస్తుందో తెలియదు.

గవరయ్యకి తన పాతిక నిమిషాలు చాలేవి కావు. అడ్డదుక్కి అయ్యాక కూడా రెక్క వంచి నీలం చుక్క చూసేవాడు. చూసిన ప్రతిసారీ అరికాళ్లు దురదపెట్టేవి. ఎర్రమట్టి ఎండలో కాలుతుందే, ఆ కాలడం కావాలి వాటికి. డాక్టర్ మందు రాసిచ్చాడు.

ఆషాఢంలో ఒక రోజు పెద్ద గాలి వచ్చింది. మర్నాడు పొద్దున నరసాయమ్మ పరుగున వచ్చింది.

“మావా, కంచె పడిపోనాది! మన గరువు కాడ, నలభై గజాలు. రేగుపొదలు కూడా మొదలంటా లేచొచ్చినాయి. కాపలా గుడిసెలో ఎవడూ లేడు!”

ఇద్దరూ నడిచి వెళ్లారు. నిజమే. కంచె నేల మీద పడుకుని ఉంది. దానికవతల ఎర్రనేల, మోకాలెత్తు గడ్డి. కంచె వేసినప్పుడు కొట్టేసిన జీడిమొదళ్లు చిగుళ్లేశాయి. రన్‌వే లేదు. తెల్లగీత లేదు. గవరయ్య గరువు గవరయ్య గరువులాగే ఉంది, మంచంపట్టి లేచిన మనిషిలా, కొంచెం చిక్కి.

నరసాయమ్మ చెప్పులు విడిచి, కంచె దాటి లోపలికి నడిచింది. ఒక జీడిచిగురు తుంపి వాసన చూసింది. వెనక్కి తిరిగి నవ్వింది. ముప్పై ఏళ్ల కిందట నవ్వినట్టు నవ్వింది.

“రా మావా! కాలుతంది, రా!”

గవరయ్య కాలెత్తాడు. ఎత్తిన కాలు గాలిలో ఉండగా చేతి గడియారం కనబడింది. పదీ ఇరవై ఆరు.

“ఒలే, బయటికి రాయే!” గొంతు చించుకుని అరిచాడు. “పదిన్నరకి హైదరాబాద్ సర్వీసు దిగుద్ది! నువ్వు బ్రేకు కాడ నిలబడ్డావు!”

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. “ఏ సర్వీసు మావా? ఇక్కడేటుంది?”

“నూట అరవై మంది ఉన్నారే నరసా! నీకు దణ్ణం పెడతాను, రాయే!”

అతని ముఖం తెల్లబోయి ఉంది. చేతులు నిజంగానే జోడించి ఉన్నాయి. నరసాయమ్మ నవ్వు ఆగింది. తలెత్తి పైకి చూసింది. మబ్బు లేదు, పిట్ట లేదు. అయినా ఎందుకో చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని, వంగి, గబగబా పరిగెత్తుకొచ్చి కంచెకి ఇవతల పడింది. చిగురు చేతిలోనే ఉంది. దాన్ని చూసుకుని, చేతిని వెనక్కి దాచుకుంది.

“పోన్లే,” అంది ఆయాసపడుతూ. “అది దిగిపోనాక ఎల్దాం.”

“ఆఁ, దిగిపోనాక ఎల్దాం.”

పదీ ముప్పై అయింది. పదీ నలభై అయింది. గవరయ్య టవర్‌కి ఫోన్ చేశాడు.

“హైదరాబాద్‌లో పొగమంచట గవరయ్యా,” అన్నాడు కూర్మారావు. “కంప్యూటర్‌లో. ఎప్పుడొస్తాదో సెప్పలేం. నువ్వు మాత్రం దారిలో ఉండకు.”

అప్పటికి ఊరు ఊరంతా కబురు పాకింది. ఒక్కో కుటుంబమే వచ్చి, పడిన కంచె పొడుగునా, తమ పొలానికి దగ్గరనుకున్న చోట ఆగింది. కొందరు విత్తనాలు తెచ్చారు. కొందరు పారలు తెచ్చారు. వచ్చినవాళ్లల్లా ముందు పైకి చూసి, తర్వాత పక్కవాళ్లని అడిగారు.

“ఎల్లిపోనాదా?”

“ఇంకా రాలేదు. లేటట.”

“అలాగైతే ఉందాం.”

నరసాయమ్మ కొంగు పరిచింది. గవరయ్య దాని మీద కూర్చున్నాడు. ఎండ ముదిరింది. అడుగు దూరంలో ఎర్రనేల వేడికి చిమచిమలాడుతోంది. అతను పాదాలు వెనక్కి ముడుచుకుని, మిగతా రెండు వందల పదకొండు కుటుంబాలతో పాటు ఖాళీ ఆకాశంలోకి చూస్తూ, విమానం ఎప్పుడొచ్చి దారి ఇస్తుందా అని కదలకుండా ఉన్నాడు.